అడుగుమట్టి పాత బాకీ

మురుగు ఆపేస్తే సరస్సు బాగుపడుతుందా? ఈ ప్రశ్నకు అమెరికాలో రెండు ఊళ్ళు పదేళ్ళ తేడాలో రెండు వేర్వేరు జవాబులు చూశాయి.

మొదటిది సియాటిల్. ఆ నగరాన్ని ఆనుకుని ఉన్న వాషింగ్టన్ సరస్సులోకి చుట్టుపక్కల శుద్ధి కేంద్రాలన్నీ తమ నీళ్ళు వదిలేవి. శుద్ధి చేసిన నీళ్ళే, కానీ ఆ రోజుల్లో శుద్ధి అంటే భాస్వరాన్ని ఎవరూ పెద్దగా లెక్కలోకి తీసుకునేవారు కాదు. 1955లో సరస్సులో ఆసిల్లటోరియా అనే నాచు కనబడగానే, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పనిచేసే డబ్ల్యూ. టి. ఎడ్మండ్‌సన్ అది దేనికి సూచనో పసిగట్టాడు. ఆయన చెప్పింది నగరం విన్నది. 1963లో మురుగు మళ్ళింపు మొదలై 1968కల్లా పూర్తయింది. మీటరు లోతు దాటితే ఏమీ కనిపించని నీళ్ళు కొద్ది సంవత్సరాల్లోనే తేటపడ్డాయి. సరస్సుల శాస్త్రం పాఠ్యపుస్తకాల్లో నేటికీ ఇదే మొదటి విజయగాథ.

రెండోది మిన్నెసోటా రాష్ట్రంలోని ఈలీ. ఇనుప గనుల మీద బతికిన చిన్న పట్టణం. దాని మురుగు షగావా సరస్సులో కలిసేది. 1973లో అక్కడ అప్పటికి అత్యాధునికమైన శుద్ధి కేంద్రం పెట్టారు. అది భాస్వరాన్ని దాదాపు మొత్తం పట్టేసేది. బయటి నుంచి సరస్సులోకి వచ్చే భాస్వరం ఐదింట ఒక వంతుకు పడిపోయింది. ఇక రెండు మూడేళ్ళలో సరస్సు తేరుకుంటుందని లెక్క వేశారు. వసంతంలో నీళ్ళు నిజంగానే మెరుగ్గా ఉండేవి. కానీ జులై, ఆగస్టు వచ్చేసరికి నీళ్ళలో భాస్వరం మళ్ళీ పైకి లేచేది, వెనకే ఆకుపచ్చ తెట్టు కట్టేది. కాలవలో రాలేదు, వానలో పడలేదు. మరి ఎక్కడి నుంచి?

కింది నుంచి. ఏళ్ళ తరబడి ఊరు పంపిన భాస్వరం అడుగుమట్టిలో దాగి ఉంది. ఊరు పంపడం మానేశాక మట్టి పంపడం మొదలుపెట్టింది.

ఈ అధ్యాయమంతా ఆ పాత బాకీ గురించే. మనుషులు కట్టిన జలాశయాలకు ఇది సహజ సరస్సులకన్నా ఎక్కువగా వర్తిస్తుంది. ఆనకట్ట చేసే పనే నదిని ఆపడం. నది ఆగిన చోట ఒండ్రు దిగుతుంది, ఒండ్రు రేణువులకు అంటుకుని వచ్చిన భాస్వరమూ దాంతోపాటే దిగుతుంది. పూడిక అనగానే మనం నీటి నిల్వ ఎన్ని టీఎంసీలు తగ్గిందన్న లెక్కే అడుగుతాం. అడుగున దిగిన మట్టి పైనున్న నీటిని ఏం చేస్తుందన్న లెక్క అడిగేవాళ్ళు తక్కువ.

ముందు భాస్వరం సంగతి చూద్దాం. వ్యవసాయం తెలిసినవారికి నత్రజని, భాస్వరం, పొటాష్ పరిచయమే. నత్రజనికి గాలిలోకి తప్పించుకునే దారి ఉంది, గాలి నుంచి తిరిగొచ్చే దారీ ఉంది. భాస్వరానికి అలాంటి తలుపు లేదు. జలాశయంలోకి వచ్చిన భాస్వరం తూముల గుండా కిందికి పోవాలి, లేదా అడుగున ఉండిపోవాలి. మూడో గతి లేదు.

ఎంత భాస్వరం ఉంటే నీళ్ళు పాడైనట్టు? లీటరుకు 100 మైక్రోగ్రాములు, అంటే గ్రాములో పదివేల వంతు, దాటితే ఆ నీళ్ళు పోషకాలతో పూర్తిగా ముదిరిపోయినట్టే లెక్క. ఇది ఎంత చిన్న మొత్తమో డీఏపీ బస్తాతో కొలిచి చూడవచ్చు. 50 కిలోల డీఏపీలో అసలు భాస్వరం 10 కిలోలు. ఆ ఒక్క బస్తా 10 కోట్ల లీటర్ల నీటిని ఆ గీత దగ్గరికి చేర్చగలదు. పొలానికి చారెడు అనిపించేది చెరువుకు విందు.

తర్వాత జరిగేది ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ అనే సముద్ర శాస్త్రజ్ఞుడు 1930లలో గమనించిన నిష్పత్తి మీద ఆధారపడుతుంది. నీటిలో తేలే సూక్ష్మ నాచు ఒంట్లో ఒక భాస్వరం పరమాణువుకు సుమారు 16 నత్రజని, 106 కార్బన్ పరమాణువులు ఉంటాయి. ఈ లెక్కన ఒక గ్రాము భాస్వరం దొరికితే వంద గ్రాములకు పైగా పొడి బరువున్న నాచు తయారవుతుంది. అది చచ్చి, అడుగుకు జారి, కుళ్ళిపోవడానికి సుమారు 140 గ్రాముల ఆక్సిజన్ కావాలి. 28 డిగ్రీల వెచ్చని నీటిలో, గాలి బాగా తగిలినా, లీటరుకు 8 మిల్లీగ్రాములకు మించి ఆక్సిజన్ కరగదు. అంటే ఒక గ్రాము భాస్వరం పెంచిన నాచు, సుమారు 18 వేల లీటర్ల నీటిలోని ఆక్సిజన్‌ను మొత్తం తినేస్తుంది. ఈ వరుసలో చివర ఉన్న ఆక్సిజన్ మీదే మన కథ మలుపు తిరుగుతుంది.

ఎందుకంటే అడుగుకు కొత్త ఆక్సిజన్ అందడం అంత తేలిక కాదు. ఎండాకాలంలో పైనీరు వేడెక్కి తేలికవుతుంది, అడుగునీరు చల్లగా, బరువుగా కిందే ఉండిపోతుంది. గాలి ఎంత వీచినా పై పొర వరకే కలుపుతుంది. చలి దేశాలవాళ్ళ పుస్తకాల్లో పైకీ కిందికీ పది పదిహేను డిగ్రీల తేడా చూపించే బొమ్మలు ఉంటాయి. మన జలాశయాల్లో తేడా రెండు మూడు డిగ్రీలే కదా, పొరలు ఎక్కడివి అనిపిస్తుంది. అనిపించడం సహజమే, కానీ నీటి సాంద్రత వేడి పెరిగేకొద్దీ మరింత జోరుగా తగ్గుతుంది. 10 నుంచి 11 డిగ్రీలకు పోయేటప్పుడు ఘనపు మీటరు నీటి బరువు 95 గ్రాములు తగ్గితే, 28 నుంచి 29కి పోయేటప్పుడు సుమారు 290 గ్రాములు తగ్గుతుంది. మన దగ్గర ఒక్క డిగ్రీ తేడా చలి దేశపు మూడు డిగ్రీల పని చేస్తుంది. పైగా వెచ్చని నీళ్ళలో కుళ్ళడం వేగం, కరిగే ఆక్సిజన్ తక్కువ. కాబట్టి అడుగు పొర ఊపిరాడని స్థితికి చేరడానికి మన జలాశయాలకు పట్టే సమయం ఇంకా తక్కువ.

భీమవరం, కైకలూరు ప్రాంతాల్లో చేపలు, రొయ్యలు పెంచే రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. ‘డీఓ (కరిగిన ఆక్సిజన్) పడిపోయింది’ అన్న మాట వినగానే అర్ధరాత్రి లేచి ఏరియేటర్లు వేస్తాడు. పంటకూ పంటకూ మధ్య చెరువు ఎండగట్టి, నల్లబడిన అడుగును ఎండకు, గాలికి తగలనిస్తాడు. మనిషిలోతు చెరువుకు ఆ వైద్యం సరిపోతుంది. ఇరవై మీటర్ల లోతున్న జలాశయాన్ని ఎండగట్టేదెలా?

ఊపిరాడని అడుగులో మట్టికి ఏమవుతుందో తేల్చిన ప్రయోగం ఈ శాస్త్రంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఖరీదైన పరికరాలు లేవు, గాజు తొట్లు, బురద, ఓపిక. ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్‌లో, విండర్‌మియర్ సరస్సు ఒడ్డున మంచినీటి జీవశాస్త్ర సంఘం వారి ప్రయోగశాల ఉండేది. అక్కడ క్లిఫర్డ్ మార్టిమర్ అనే యువకుడు దగ్గర్లోని ఎస్త్‌వైట్ సరస్సు మీద పనిచేస్తున్నాడు. ఇనుముకూ భాస్వరానికీ నీళ్ళలో ఏదో లంకె ఉందని జర్మనీలో విల్‌హెల్మ్ ఐన్సెలే అప్పటికే చూపించాడు. మార్టిమర్ సరస్సు అడుగుమట్టిని తొట్లలో వేసి పైన నీళ్ళు పోశాడు. ఒక తొట్టికి గాలి తగలనిచ్చాడు, ఇంకోదానికి తగలకుండా మూశాడు. నెలల తరబడి నీళ్ళు పరీక్షిస్తూ పోయాడు. మట్టిలోకి సన్నని ప్లాటినం తీగలు దించి, ఏ లోతులో ఎంత ఆక్సీకరణ శక్తి మిగిలి ఉందో కొలిచాడు.

గాలి తగిలిన తొట్టిలో మట్టి పైభాగాన పలుచని గోధుమరంగు పొర నిలిచింది. నీళ్ళలో పెద్ద మార్పు లేదు. మూసిన తొట్టిలో ఆక్సిజన్ అయిపోవస్తుండగా ఆ గోధుమ పొర సన్నబడి, చివరికి మాయమైంది. అది మాయమైనప్పుడే పైనీటిలోకి ఇనుము, భాస్వరం, అమోనియా కట్టలు తెంచుకుని వచ్చాయి. 1941, 1942లలో ఆయన ప్రచురించిన ఆ రెండు పెద్ద వ్యాసాలు లేకుండా ఈ విషయం మీద నేటికీ ఎవరూ పుస్తకం రాయలేరు. మార్టిమర్ తర్వాత అమెరికా వెళ్ళి మహా సరస్సుల మీద పనిచేశాడు, నిండు నూరేళ్ళకు దగ్గరగా బతికి 2010లో కన్నుమూశాడు.

ఆ గోధుమరంగు తుప్పుది. ఆక్సిజన్ ఉన్నంతసేపు ఇనుము తుప్పు రూపంలో నీళ్ళలో కరగకుండా ఉంటుంది. తుప్పు రేణువుల ఒంటికి ఫాస్ఫేటు గట్టిగా అంటుకుంటుంది. కింది మట్టిలోంచి పైకి రాబోయే ఫాస్ఫేటును కొన్ని మిల్లీమీటర్ల ఈ పొరే పట్టి ఆపుతుంది. ఆక్సిజన్ లేకపోతే? మట్టిలోని బ్యాక్టీరియా శ్వాస మానుకోదు, ఇంకో పదార్థం వెతుక్కుంటుంది. ఆ వెతుకులాటకు ఒక వరుస ఉంది. ముందు ఆక్సిజన్, అది అయిపోతే నైట్రేట్, ఆ తర్వాత మాంగనీసు, ఆ తర్వాత ఇనుప తుప్పు, ఆపైన సల్ఫేట్, చివరికి మీథేన్ తయారీ. వంతు తుప్పుదాకా వచ్చిందంటే ఇనుము కరిగే రూపంలోకి మారిపోతుంది, పట్టుకున్న ఫాస్ఫేటును వదిలేస్తుంది. వంతు సల్ఫేట్ దాకా పోతే ఇంకా కష్టం. అప్పుడు పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్ళిన గుడ్ల వాసనతో ఆగదు, ఇనుముతో కలిసి నల్లని ఐరన్ సల్ఫైడ్‌గా మారుతుంది. అలా బందీ అయిన ఇనుము, రేపు ఆక్సిజన్ తిరిగొచ్చినా వెంటనే ఫాస్ఫేటును పట్టడానికి మిగలదు. అడుగుమట్టి నల్లగా ఉండి వాసన కొడుతోందంటే అర్థం ఇదే.

ఇదే రసాయన శాస్త్రం వరి మడిలో రైతుకు మేలు చేస్తోంది. దమ్ము చేసి నీళ్ళు నిలగట్టిన మడిలో కొన్ని రోజుల్లోనే ఆక్సిజన్ అడుగంటుతుంది, తుప్పు కరుగుతుంది, దానికి అతుక్కున్న భాస్వరం వరి వేళ్ళకు అందుతుంది. వరి తర్వాత అదే మడిలో ఆరుతడి పంట వేస్తే, భాస్వరం కొరత వరికన్నా ముందు దానికి తగలడానికి కారణం ఇదే. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో పనిచేసిన శ్రీలంక శాస్త్రవేత్త ఎఫ్. ఎన్. పొన్నంపెరుమ నీట మునిగిన నేలల రసాయనం గురించి 1972లో రాసిన దీర్ఘ వ్యాసాన్ని మార్టిమర్ వ్యాసాల పక్కన పెట్టి చదివితే, ఇద్దరూ ఒకే బురద గురించి మాట్లాడుతున్నారని తెలుస్తుంది. ఒకరికి అది సస్యం, ఇంకొకరికి అది రోగం. మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల నేల శాస్త్రం విభాగాలకు జలాశయాల గురించి చెప్పగల జ్ఞానం ఎంతో ఉంది. నీటి సరఫరా ఇంజనీర్లు వాళ్ళ తలుపు తట్టడమే తక్కువ.

మట్టి నుంచి ఎంత వస్తుంది? పోషకాలు బాగా పేరుకున్న జలాశయాల్లో, ఆక్సిజన్ లేని రోజుల్లో, చదరపు మీటరు అడుగుమట్టి రోజుకు 10 మిల్లీగ్రాముల భాస్వరం వదలడం అరుదేమీ కాదు. ఊపిరాడని అడుగు ఒక చదరపు కిలోమీటరు ఉందనీ, ఆ స్థితి 100 రోజులు సాగిందనీ అనుకుందాం. వచ్చేది ఒక టన్ను. సగటు లోతు 10 మీటర్లయితే పైనున్న నీళ్ళు కోటి ఘనపు మీటర్లు, ఆ టన్ను మొత్తం అందులో కలిస్తే లీటరుకు సరిగ్గా 100 మైక్రోగ్రాములు. పైనుంచి ఒక్క చుక్క మురుగు రాకపోయినా సరే.

కలవడం ఎప్పుడంటే, మన వాతావరణంలో లోతైన జలాశయాలకు సాధారణంగా చలికాలంలో. పైనీరు చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది, పొరలు చెరిగిపోతాయి. అడుగున పేరుకున్న భాస్వరం, అమోనియా, సల్ఫైడ్ ఒక్కసారిగా పైకి వస్తాయి. చేపలు తేలేది, కొళాయి నీళ్ళకు మట్టి వాసన, పసుపు నలుపు మరకలు వచ్చేది ఇలాంటి రోజుల్లోనే. ఆ మరకలు ఇనుమువి, మాంగనీసువి. లోతు తక్కువైన చోట ఇంత నాటకం ఉండదు. గాలివాన వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెంగా అందుతూనే ఉంటుంది. సియాటిల్‌కు కలిసొచ్చింది కూడా లోతే. 60 మీటర్లు మించిన లోతున వాషింగ్టన్ సరస్సు అడుగుపొర ఎంత పెద్దదంటే, వేసవి మొత్తం గడిచినా అందులో ఆక్సిజన్ అయిపోదు. దాని తుప్పు పొర చెక్కుచెదరలేదు, బాకీ పైకి రాలేదు. షగావాకు ఆ అదృష్టం లేదు.

మట్టి స్వభావం తెలిసినవాళ్ళు దాన్ని ఎలా వాడుకోగలరో చూడాలంటే ఉత్తర వర్జీనియా వెళ్ళాలి. వాషింగ్టన్ డీసీ శివార్లలో ఆకొక్వాన్ నది మీద 1957లో కట్టిన జలాశయం ఉంది. ఫెయిర్‌ఫాక్స్ ప్రాంతానికి అది తాగునీటి ఆధారాల్లో ఒకటి. ఆ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు ఇళ్ళూ తక్కువేమీ కాదు. 1960లు ముగిసేసరికి ఆ జలాశయం రోగిలా తయారైంది. ఎగువన కొత్తగా పుట్టుకొచ్చిన కాలనీలకు సేవ చేసే 11 చిన్న శుద్ధి కేంద్రాలు అరకొరగా పనిచేస్తూ తమ నీళ్ళు వాగుల్లోకి వదిలేవి. వేసవిలో తెట్టు, వాసన, చచ్చిన చేపలు, అడుగున సల్ఫైడ్. 1971లో రాష్ట్రం ఒక కఠిన విధానం తెచ్చింది. ఆ 11 మూసి, వాటి స్థానంలో ఒకే పెద్ద కేంద్రం పెట్టాలి, జలాశయాన్ని స్వతంత్ర ప్రయోగశాల నిరంతరం పరీక్షిస్తుండాలి. వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం నడిపే ఆ ప్రయోగశాల 1972 నుంచి పనిచేస్తోంది. పెద్ద శుద్ధి కేంద్రం 1978లో మొదలైంది. అక్కడి నీళ్ళు బుల్ రన్ వాగులో పడతాయి, అమెరికా అంతర్యుద్ధంలో తొలి పెద్ద పోరు 1861లో జరిగిన వాగు అదే. అక్కడి నుంచి జలాశయంలోకి, జలాశయం నుంచి ఇళ్ళకు. శుద్ధి చేసిన మురుగును తాగునీటి జలాశయంలోకి ఉద్దేశపూర్వకంగా పంపిన తొలి పెద్ద ప్రయత్నాల్లో ఇదొకటి. కరువు బాగా ముదిరిన రోజుల్లో జలాశయంలోకి వచ్చే నీళ్ళలో ఎక్కువ భాగం ఇవే.

భాస్వరాన్ని సున్నంతో దాదాపు పూర్తిగా తీసేస్తారు, లీటరుకు 0.1 మిల్లీగ్రాము మించకూడదు. నత్రజని విషయంలోనే అసలు విశేషం. మొదట దాన్నీ తీసేద్దామనే అనుకున్నారు, అందరూ చేసేది అదే. కానీ బ్యాక్టీరియా వెతుకులాటకు ఇందాక చెప్పిన వరుస గుర్తుచేసుకోండి. ఆక్సిజన్ అయిపోయాక బ్యాక్టీరియా ముందు వెతికేది నైట్రేట్. అది దొరికినంతసేపు తుప్పు జోలికి రాదు. అంటే శుద్ధి చేసిన నీళ్ళలో నత్రజనిని నైట్రేట్ రూపంలో ఉంచి పంపితే, అది జలాశయం అడుగున ఆక్సిజన్ బదులు కాపలా కాస్తుంది. ఆ పని చేస్తూ చేస్తూ తానే నత్రజని వాయువుగా మారి గాలిలో కలిసిపోతుంది. ప్రయోగశాల కొలతలు ఈ వాదనను బలపరిచాయి. అప్పటి నుంచి ఆ కేంద్రం నైట్రేట్‌ను కావాలనే వదులుతోంది, తాగునీటి హద్దుకు చాలా దిగువన ఉండేలా జలాశయంలో దాన్ని గమనిస్తూ ఉంటారు. అమెరికాలో ఆ హద్దు నత్రజని లెక్కన లీటరుకు 10 మిల్లీగ్రాములు. మన దేశ ప్రమాణం నైట్రేట్ లెక్కన 45, రెండూ దాదాపు ఒకటే.

పోషకాల కాలుష్యానికి పోషకంతోనే విరుగుడు అని ఎవరైనా ముందే చెబితే నేను నమ్మేవాడిని కాను. అయితే దీన్ని మన నగరాల చెరువులకు ఎత్తి అంటించాలని చూస్తే మాత్రం దెబ్బతింటాం. పచ్చి మురుగులో నత్రజని నైట్రేట్‌గా ఉండదు, అమోనియాగా ఉంటుంది. అది కాపలా కాయకపోగా ఉన్న ఆక్సిజన్‌ను తినేస్తుంది. ఆకొక్వాన్ ఉపాయం పనిచేయాలంటే ముందు భాస్వరం దాదాపు సున్నాకు రావాలి, అమోనియా మొత్తం నైట్రేట్ కావాలి. ఆ రెండూ జరిగిన మురుగునీళ్ళు మన దగ్గర ఎన్ని చెరువుల్లోకి చేరుతున్నాయి?

ఇక్కడ ఒక పిడకల వేట తప్పదు. ఆక్సిజన్ అందిస్తే చాలు, మట్టి నోరు మూసుకుంటుందన్న సిద్ధాంతం ఇంత అందంగా కుదిరాక, దాన్ని కాదనే సాక్ష్యం స్విట్జర్లాండ్ నుంచి వచ్చింది. సెంపాఖ్ సరస్సు అడుగులోకి 1984 నుంచి ఆక్సిజన్ ఎక్కించారు. అడుగునీటిలో ఆక్సిజన్ పెరిగింది. కానీ మట్టి వదిలే భాస్వరం అనుకున్నంత తగ్గలేదు. రెనే గెఖ్టర్, బీట్ ముల్లర్ 2003లో దీన్ని విడమరిచి చెప్పారు. మట్టిపై పలుచని తుప్పు పొర తాత్కాలిక ఆనకట్టే. చివరికి ఎంత భాస్వరం శాశ్వతంగా పాతుకుపోతుందన్నది, పైనుంచి రాలే భాస్వరానికీ మట్టిలో సల్ఫైడ్ పాలు కాకుండా మిగిలిన ఇనుముకూ ఉన్న నిష్పత్తి తేలుస్తుంది. ఇనుము చాలకపోతే ఎంత ఆక్సిజన్ ఊదినా ప్రయోజనం కొద్దిగానే. మార్టిమర్ తప్పు అని కాదు. ఆయన తొట్టిలో చూసినది నిజం, కానీ ప్రతి సరస్సు ఆ తొట్టి కాదు.

హుస్సేన్ సాగర్ కూడా ఆ తొట్టి కాదు. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1560లలో కట్టిన ఈ చెరువు ఒకప్పుడు హైదరాబాద్‌కు మంచినీళ్ళిచ్చింది. తర్వాత కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు దశాబ్దాల తరబడి మురుగు మోశాయి. కూకట్‌పల్లి నాలా పరిశ్రమల వ్యర్థాలనూ తెచ్చింది. 2006లో జపాన్ రుణంతో మొదలైన పథకం కింద మురుగు మళ్ళింపు, శుద్ధి కేంద్రాలు, పూడికతీత చేపట్టారు. అవి అవసరమైన పనులే. కానీ ఈ చెరువు సగటు లోతు కొద్ది మీటర్లే. ఇలాంటి చోట భాస్వరం బయటికి రావడానికి ఆక్సిజన్ లేమి ఒక్కటే దారి కాదు. ఎండలో దట్టమైన నాచు బొగ్గుపులుసు వాయువును పీల్చేస్తే నీళ్ళ క్షారత పెరుగుతుంది, పీహెచ్ 9 దాటితే ఆక్సిజన్ నిండుగా ఉన్నా తుప్పు తన పట్టు సడలిస్తుంది. పగలు అలా, రాత్రి నాచే ఆక్సిజన్ తాగేసి మట్టిపై పొరను ఊపిరాడకుండా చేయడం ఇలా. రెండు వైపుల నుంచీ వాయింపే. పూడిక తీశాక మురుగు వస్తూనే ఉంటే, తీసిన చోట మళ్ళీ అదే మట్టి దిగుతుంది. నాలా ఆపకుండా పూడిక తీయడం ఫొటోలకు బాగుంటుంది, నీళ్ళకు కాదు.

పూడికతీత పనిచేసిన ఉదాహరణ లేకపోలేదు. స్వీడన్‌లోని వెక్‌షో పట్టణం పక్కన ట్రుమ్మెన్ అనే లోతు లేని సరస్సు ఉంది. 1958లో మురుగు ఆపేశారు. పదేళ్ళు గడిచినా సరస్సు లేవలేదు. లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన స్వెన్ బ్యోర్క్ బృందం అడుగు తవ్వి చూస్తే, పాత గోధుమరంగు మట్టి మీద మురుగు కాలం నాటి నల్లమట్టి పొర స్పష్టంగా కనబడింది. ఎంత తీయాలో ఆ రంగే చెప్పింది. 1970లో అర మీటరు, 1971లో ఇంకో అర మీటరు పీల్చి తీసేశారు. సరస్సు నిజంగా మారింది. తీసిన దానికన్నా, తీయడానికి ముందు మట్టిని పొరలుగా చదవడమే అక్కడ అసలు పని అని నా నమ్మకం.

పటిక ఇంకో వైద్యం. మన ఇళ్ళలో బిందెలో తిప్పే పటికే. అల్యూమినియం హైడ్రాక్సైడ్ మెత్తగా అడుగుకు దిగి ఫాస్ఫేటును పట్టేస్తుంది. ఇనుముకు లేని గుణం దీనికుంది, ఆక్సిజన్ పోయినా పట్టు వదలదు. 114 సరస్సుల అనుభవాన్ని కలిపి చూసిన ఒక సమీక్షలో, పటిక ప్రభావం లోతైన సరస్సుల్లో సగటున 21 ఏళ్ళు, లోతు తక్కువ సరస్సుల్లో ఆరేళ్ళ లోపే నిలిచిందని తేలింది. ఆస్ట్రేలియాలో తయారుచేసిన లాంథనం కలిపిన బంకమట్టి కూడా ఇదే పని చేస్తుంది, ధర ఎక్కువ. నాచులో విషం తయారుచేసే మైక్రోసిస్టిస్ వంటి జాతులు తాగునీటి జలాశయంలో పెరిగినప్పుడు ఈ ఖర్చు ఎక్కువ అనిపించదు. 1996లో బ్రెజిల్‌లోని కరువారు పట్టణంలో అలాంటి నీళ్ళతో డయాలిసిస్ చేయడం వల్ల 50 మందికి పైగా రోగులు చనిపోయారు. ఆ విషం నీళ్ళు కాచినా పోదు.

ఈ వైద్యాలేవీ లేని కాలంలో మన పల్లెల్లో ఒక అలవాటు ఉండేది. ఎండాకాలంలో చెరువు ఎండగానే రైతులు బండ్లు కట్టి చెరువు మట్టి పొలాలకు తోలుకునేవారు. వాళ్ళ ఆలోచన పొలం గురించే, చెరువు గురించి కాదు. కిలో మట్టిలో అర గ్రాము భాస్వరం ఉందనుకున్నా, మూడు టన్నుల పొడి మట్టి ట్రక్కు ఒకటిన్నర కిలోల భాస్వరాన్ని చెరువు నుంచి పొలానికి తిరిగి చేర్చినట్టు. ఏటా జరిగితే బాకీ పేరుకునే అవకాశం తగ్గుతుంది. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పూడిక మట్టిని ట్రాక్టర్లతో పొలాలకు తరలించడం అందులో ముఖ్య భాగమైంది. హుస్సేన్ సాగర్ మట్టికి ఈ దారి మూసుకుపోయింది. భారలోహాలు కలిసిన మట్టిని ఏ పొలంలోనూ వేయలేం.

మిగిలింది హైదరాబాద్ జంట జలాశయాలు గండిపేట, హిమాయత్‌సాగర్. 1908 మూసీ వరద తర్వాత కట్టినవి, 1920లో ఒకటి, 1927లో ఇంకొకటి పూర్తయ్యాయి. వీటి ఎగువన 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో 111 నంబరు జీవో వచ్చింది. 2022లో ఆ ఆంక్షలను సడలిస్తూ ఇంకో జీవో వచ్చింది. ఎగువన ఊళ్ళు పెరిగాక మురుగు శుద్ధి చేస్తామని ఎవరైనా హామీ ఇస్తారు. ఆ హామీ నిలబడుతోందో లేదో అడుగుమట్టి కొన్నేళ్ళ ముందే చెప్పగలదు, అడిగితే. ఫిబ్రవరి నుంచి మే దాకా వారానికోసారి పడవలో జలాశయం లోతైన చోటుకు వెళ్ళి, పైనుంచి అడుగుదాకా మీటరుకో చోట ఉష్ణోగ్రత, ఆక్సిజన్ కొలవాలి. అడుగునుంచి ఒక సీసా నీళ్ళు తెచ్చి ఇనుము, భాస్వరం చూడాలి. ఒక పడవ, రొయ్యల రైతుల దగ్గరుండే మీటరు లాంటిది ఒకటి, ఒక మామూలు ప్రయోగశాల చాలు. ఆ నెలల్లో వాగుల్లో వాన నీరు దాదాపు రాదు కాబట్టి, అడుగునీటిలో పెరుగుతున్న భాస్వరంలో అత్యధిక భాగం మట్టి ఇచ్చిందే.